థీసిస్ పేజీల వెనక

పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో ఒక వంటపనిపిల్ల కవిత్వం రాసింది. ఆమె గురించి నాకు తెలిసిందంతా కువైట్‌లో, ఒక పెద్దింటి చదువుల గదిలో, టైపు మిషను ముందు కూర్చుని తెలుసుకున్నదే. ఆమె మీద ఎంత ఇష్టమో, ఆమె గురించి రాసినవాళ్ళ మీద నాకు అంత కోపం. ముప్పై ఏళ్ళు దాటినా ఆ కోపం చల్లారలేదు. చల్లార్చుకోవాలని నేనెప్పుడూ ప్రయత్నించలేదు కూడా.

అప్పట్లో మేము అబ్బాసియాలో రెండు గదుల ఫ్లాటులో ఉండేవాళ్ళం. మాది కోనసీమ. మా ఆయన షువైఖ్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్కు. నేను ఇంగ్లీషు సాహిత్యంతో బి.ఏ. చదివి, టైపు హయ్యరు పాసై, పెళ్ళయ్యాక ఆయన వెంట వచ్చాను. విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చెప్పే ఒక కువైటీ ఆవిడకు థీసిస్ టైపు చేసే మనిషి కావాలని గ్యారేజీ యజమాని ద్వారా తెలిసింది. అలా వారానికి నాలుగు రోజులు ఆ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాను. పొద్దున్నే వాళ్ళ డ్రైవరు వచ్చి కారులో తీసుకెళ్ళేవాడు, మధ్యాహ్నం దింపేవాడు.

ఆ ఇంట్లో వంట, తుడుపు, ఇస్త్రీ అన్నీ ఒక్క చేతి మీద చేసేది రాయచోటి దగ్గర పల్లె నుంచి వచ్చిన మనిషి. నాకంటే ఐదారేళ్ళు పెద్దది. నేను అక్కా అనేదాన్ని. ఇంటి యజమానురాలిని ఆమె, అక్కడి పనివాళ్ళందరిలాగే, మామా అని, అంటే అరబీలో అమ్మా అని పిలిచేది. వినీ వినీ నా నోటికీ అదే అలవాటయింది, కాబట్టి ఇక్కడా మామా అనే రాస్తాను. పేర్లు మాత్రం రాయను. అక్క రాయొద్దంది. ఆమె కూతురు ఇప్పుడు అక్కడే ఒక ఇంట్లో పనిచేస్తోంది. "నా పేరు పేపర్లో పడి, ఆడుండే నా బిడ్డకు ఇబ్బంది అయితే ఎవురొస్తారు మ్మా?" అని అడిగింది. అక్క పేరు దాచిపెట్టి ఆ ఇంగ్లీషు కవయిత్రి పేరు చెప్పడం నాకు న్యాయంగా తోచలేదు. అందుకని ఇందులో ఎవరి పేరూ ఉండదు.

డాక్టరేటు కోసం లండన్‌లో ఇవ్వాల్సిన మామా థీసిస్ మొత్తం ఆ వంటపనిపిల్ల మీదే. పేదింట్లో పుట్టింది. తల్లి దగ్గర అక్షరాలు దిద్దింది. ఇంట్లో ఉన్నవి నాలుగైదు పుస్తకాలు. వాటినే అట్టలు ఊడిపోయేదాకా చదివింది. పదహారేళ్ళకి ఒక జమీందారు ఇంట్లో వంటపనికి కుదిరింది. పొయ్యి ముందు కూర్చుని, ఒళ్ళో కాగితం పెట్టుకుని రాసేది. ఒకరోజు రొట్టె మాడింది. యజమానురాలు ఆమెను పనిలోంచి తీసేసింది. ఇంకో ఇంట్లో చేరింది, అక్కడా రాసింది. ముప్పై నిండకుండానే జబ్బుచేసి పోయింది.

ఆమె ఏం రాసిందన్నది వెనక్కి నెట్టి, ఎలా పోయిందన్న దాని మీదే బరువు పెట్టడం ఆ థీసిస్ చేసిన మొదటి తప్పు. నేను ఆ తప్పు చేయను. బట్టలుతికే రోజు మీద ఆమెది ఒక పెద్ద పద్యం ఉంది. చీకట్నే లేచి నీళ్ళు మోయడం దగ్గర మొదలై, బూడిద నీళ్ళలో గుడ్డ ఉడకబెట్టి, బాది, ఆరేసి, చివరికి ఆ గుడ్డ దొరసాని మెడ చుట్టూ మెరుస్తుంటే అతిథులు దొరసానిని మెచ్చుకోవడంతో ముగుస్తుంది. తన వంకర పళ్ళ మీద తనే రాసుకున్న హాస్యపద్యం ఒకటుంది. కొత్త పెళ్ళికూతురికి బుద్ధులు చెబుతున్నట్టే చెబుతూ మొగుళ్ళను ఏకిపారేసినది ఇంకొకటి. రాయడం మానెయ్యమన్న యజమానురాలికి జవాబుగా రాసినదైతే మొదటి నాలుగు పంక్తులు వంగి వంగి దణ్ణాలు పెడుతుంది, చివరి నాలుగు పంక్తుల్లో నడుం నిటారుగా ఉంటుంది. ప్రాస ఎక్కడా జారదు.

ఇంత పనితనం ఉన్న మనిషికి ఊరి పెద్దలు పరీక్ష పెట్టారు. వంటపిల్ల ఇవన్నీ ఎలా రాస్తుందని అనుమానం. ఒక గదిలో కూర్చోబెట్టి, అంశం ఇచ్చి, తమ కళ్ళముందు రాయమన్నారు. ఆమె రాసింది. జమీందార్ల కొడుకులు కూడా పద్యాలు అచ్చేసుకున్నారు కదా, వాళ్ళలో ఒక్కణ్ణయినా అలా కూర్చోబెట్టారా? ఆమె చనిపోయాక పుస్తకం వేసి, ముందుమాటలో ఒక పెద్దమనిషి ఆమె తరఫున పాఠకులకు క్షమాపణ చెప్పాడు. చదువులేనిదనీ, తప్పులుంటే మన్నించమనీ, చాలా అణకువ గల పిల్ల అనీ. ఆ ముందుమాట టైపు చేస్తున్నప్పుడు నా వేళ్ళు ఎంత గట్టిగా పడ్డాయంటే, కాగితంలో ఇంగ్లీషు 'ఓ' అక్షరం చోట చిల్లు పడింది.

మామా ఆ భాగాలు నాకు చదివి వినిపిస్తూ కళ్ళు తుడుచుకునేది. "చూశావా, ఎంత అన్యాయమో!" అనేది ఇంగ్లీషులో. ఆ కన్నీళ్ళు దొంగవి కావు. అది చెప్పాలి. కానీ అదే కుర్చీలోంచి, ఆ తడి ఆరకముందే, వంటింటి వైపు తిరిగి "యల్లా! చాయ్!" అని అరిచేది. ఆ గొంతు వేరు.

అక్క చేతిలో ఒక నోటుపుస్తకం ఉండేది. బకాలా కొట్టు నుంచి తెప్పించాల్సిన సామాన్లు రాసుకోమని మామాయే ఇచ్చింది. ఒకరోజు అన్నం అడుగంటింది. మామా వంటింట్లోకి వెళ్ళేసరికి అక్క గట్టు మీద వంగి అందులో రాసుకుంటోంది. ఆ పుస్తకం లాక్కుని, రెండుగా చింపి, చెత్తబుట్టలో పడేసింది మామా. నేను చదువుల గది గుమ్మంలో నిలబడి చూశాను. రొట్టె మాడిన అధ్యాయం నేను టైపు చేసి అప్పటికి నెలపైనే అయింది. మామాకు అది గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని, "ఎక్కడున్నాం?" అని అడిగింది. నేను పంక్తి చూపించాను. ఒక్క మాట మాట్లాడలేదు.

మర్నాడు అక్కని అడిగాను, ఆ పుస్తకంలో ఏముందని.

"పాటలు మేడమా. ఊరికే కట్టుకుంటా ఉంటా. చేతులు తోమే బోకుల్లో ఉన్నా నోరు ఖాళీనే గదా."

"ఎన్ని ఉంటాయి?"

"నలభై ఉండొచ్చు. ఆయమ్మకు మన అక్షరాలు పురుగుల మాదిరి కనపడింటాయిలే."

ఐదో క్లాసు దాకా చదివింది అక్క. ఆ రోజు తను కట్టిన ఒక పాట చిన్నగా పాడి వినిపించింది. నేను బి.ఏ. మూడేళ్ళలో నేర్చుకోనిది ఆ ఐదు నిమిషాల్లో నేర్చుకున్నాను.

1990 జులైలో మామా కుటుంబం మొత్తం వేసవికి లండన్ వెళ్ళింది. సెప్టెంబరు లోపు చివరి రెండు అధ్యాయాలు పూర్తిచేసి పెట్టమని నాకు చెప్పింది. టైపు చేసిన కాపీ ఇంట్లో ఉంచి, కార్బన్ కాపీ విశ్వవిద్యాలయంలో తన గదికి పంపే ఏర్పాటు. అక్కకు మాత్రం ఏర్పాటేమీ లేదు. పాస్‌పోర్టు మామా పడకగది బీరువాలో. గేటు తాళంచెవి డ్రైవరు దగ్గర. నన్ను తెచ్చిన రోజున వాడు గేటు తీసేవాడు, వెళ్ళేటప్పుడు మళ్ళీ వేసేవాడు. మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్న మనిషి చేతికి ఒక్క తాళంచెవి ఇవ్వాలని ఎవరికీ తోచలేదు.

ఆగస్టు రెండో తేదీన ఇరాక్ సైన్యం వచ్చింది. తెల్లవారుతుండగా హెలికాప్టర్ల మోతకి లేచాం. షువైఖ్ వైపు బయల్దేరిన మా ఆయన అరగంటలో తిరిగొచ్చి, "రోడ్డంతా ట్యాంకులేనే" అంటూ తలుపేశాడు. నాలుగో రోజు పొద్దున ఫోను మోగింది. ఊళ్ళో ఫోన్లు ఇంకా పనిచేస్తున్నాయి.

"మేడమా, నేను. డ్రైవరు రాలేదు. గేటుకు బీగం ఏసే ఉండాది, బీగంచెవి వాని దగ్గరే ఉండాది. పైన ట్యాంకులో నీళ్ళుండాయి గానీ రొట్టి నిన్ననే అయిపాయ. గోడెక్కి దూకుదామంటే వీధిలో తుపాకులోళ్ళు ఉండారు."

మా ఆయనకు చెప్పాను. ఆయన పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు. "ఆడమనిషిని అలా వదిలేత్తే ఎలాగ? పద, నువ్వూ రా. నన్ను చూసి బెదిరిపోద్ది" అన్నాడు. గ్యారేజీ పాత పికప్పులో వెళ్ళాం. రెండుచోట్ల సైనికులు ఆపారు. "హిందీ?" అని, అంటే ఇండియావాళ్ళా అని అడిగి, అవునంటే వదిలేశారు.

మా ఆయన గేటు తాళం కోస్తుండగా మామా తమ్ముడు వచ్చాడు. రెండు వీధుల అవతల ఇల్లు. ఎప్పుడూ తెల్లటి దిష్‌దాషా అంగీలో చూసిన మనిషి మాసిన ప్యాంటూ చొక్కాలో, గడ్డం పెరిగి, గోడవార నడుచుకుంటూ వచ్చాడు. నాలుగు రోజుల్లో దేశం పోయిన మనిషి. నాకు జాలి వేసింది, ఇప్పటికీ ఉంది. కానీ ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది:

"కాగితాలు ఉన్నాయా? మా సోదరి కాగితాలు?"

ఉన్నాయన్నాను. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "ఆరేళ్ళ శ్రమ. వీళ్ళు మా ఇళ్ళన్నీ సోదా చేస్తున్నారు. మీ ఇళ్ళకు రావడం లేదు. దయచేసి మీతో తీసుకెళ్ళండి. యూనివర్సిటీ గదులు దోచేశారట, అక్కడి కాపీ ఇక లేనట్టే."

"మరి ఈవిడ?" అన్నాను, లోపల కిటికీ దగ్గర నిలబడ్డ అక్కని చూపిస్తూ.

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "ఆమె ఇక్కడే ఉంటుంది. ఇల్లు ఎవరో ఒకరు చూసుకోవాలి కదా."

కాగితాలకు ప్రమాదమట. మనిషికి కాదట! ఆ వీధిలో, ఆ తుపాకుల మధ్య, ఒంటరిగా ఒక ఆడమనిషి ఇల్లు చూసుకోవాలట. ఈసారి మాట బయటికొచ్చింది. "ఇల్లు కావాలంటే మీరే చూసుకోండి. ఆమె మాతో వస్తుంది" అన్నాను. అక్క అప్పటికే గుమ్మంలోకి వచ్చింది. ఆయన ఆమెతో అరబీలో ఏదో గట్టిగా చెప్పాడు.

"ఖలాస్," అంది అక్క. "నేనుండను. నా పాస్‌పోర్టు ఇయ్యి."

బీరువా తాళం మామా దగ్గరే ఉందనీ, ఆవిడ వచ్చాక ఇస్తుందనీ చెప్పాడాయన. మా ఆయన స్క్రూడ్రైవరు తీశాడు. అక్క దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుంది. "నువ్వు ముట్టుకోవద్దన్నా. రేప్పొద్దున నీ మీదికొస్తాది" అని పడకగదిలోకి నడిచింది. మేము ముగ్గురం వెనకే వెళ్ళాం. బీరువా తలుపు నాలుగు పోట్లకు ఊడింది. లోపల బట్టల కింద పాస్‌పోర్టు ఉంది, దాని పక్కనే నగల పెట్టె. అక్క పాస్‌పోర్టు రవికెలో పెట్టుకుని, నగల పెట్టె తీసి ఆయన చేతుల్లో పెట్టింది. "ఇది మీది. చూస్కో, అన్నీ ఉండాయా?" అంది. ఆయన తల వంచుకున్నాడు.

థీసిస్ ఒక రొట్టెల పెట్టెలో పెట్టుకుని, అక్కని వెంటబెట్టుకుని అబ్బాసియా వచ్చేశాం.

ఆ తర్వాత ఆరు వారాలు మా ఫ్లాటులో మూడు కుటుంబాలు ఉన్నాయి. మగవాళ్ళు రొట్టెల క్యూకి వెళ్ళేవాళ్ళు. మేము ఉన్న పప్పును నీళ్ళెక్కువ పోసి వండేవాళ్ళం. అందరూ రేడియో చుట్టూ మూగేవాళ్ళు. అక్కకు ఆ వార్తలు విసుగు. ఒక మధ్యాహ్నం పెట్టె దగ్గర కూర్చుని, "ఇన్ని కాగితాలు మోసుకొస్తిమే, ఇందులో ఏముండాది మేడమా?" అని అడిగింది.

చెప్పడం మొదలుపెట్టాను. రోజుకు పది పేజీలు, నాకు చేతనైనంత తెలుగులో. ఆ పిల్ల పద్యాలు వచ్చినచోట ఒక్కో పంక్తి రెండుమూడు సార్లు చెప్పించుకునేది. ఉతికే రోజు పద్యం విన్నప్పుడు కళ్ళు మూసుకుని విని, "గోళ్ళ మొదలు పగిలినాయని రాసిందా? అరచేయి అని రాసిందా?" అని అడిగింది. వెతికి చూశాను. గోళ్ళ మొదలు అనే ఉంది.

"నిజమే రాసింది. బూడిద నీళ్ళకు ముందు ఆడనే పగిలేది" అంది అక్క. తర్వాత నవ్వింది. చివర్లో దొరసానిని అందరూ మెచ్చుకునే చోట పకపకా నవ్వింది. "ఈ పాటకు ఆయమ్మ ఏడిసిందంటివే? ఏంటికి? ఇది నవ్వే పాట గదా!"

నేను మళ్ళీ చదువుకున్నాను. నిజంగానే నవ్వే పద్యం. దొరసాని మెడలో మెరిసే గుడ్డను చూసి లోకం చేసే హడావుడికి ఆ పిల్ల చాటున నిలబడి నవ్వుతోంది. మామా ఆరేళ్ళు పరిశోధన చేసి, ఆ ఒక్క పద్యం మీదే అరవై పేజీలు రాసి, ఆ నవ్వు వినలేదు. ఆమెకు కావలసింది బాధపడే పనిపిల్ల. నవ్వే పనిపిల్ల అక్కర్లేదు. నాకు మామా మీదే కాదు, టైపు చేస్తూ ఆ పేజీలన్నిటికీ తల ఊపిన నా మీద కూడా ఒళ్ళు మండింది.

మర్నాడు అక్క ఆ పేజీ చేతికి తీసుకుంది. "దీని మీద ఆయమ్మ రాసింది. దీనికి జవాబు దీని ఎనకాలే రాస్తా" అంది. వేరే కాగితం ఇస్తానన్నాను. ఒప్పుకోలేదు. పేజీ బోర్లా వేసి, నా బాల్‌పెన్ను తీసుకుని, గుండ్రటి స్కూలు అక్షరాలతో రాసింది. ఆ పాట మొదలు ఇలా ఉంటుంది:

దొరసాని మెడచుట్టు తెల్లాని గుడ్డ
ఆ తెలుపు ఏడనే పుట్టెనే బిడ్డ?
గోళ్ళ మొదట పుట్టె, బూడిదలో పెరిగె,
అద్దాన చూసుకుని అమ్మనే మురిసె.

ఇక రోజూ అదే పని. నేను పేజీ చదవడం, అక్క పాత్రలు తోముతూ గొణుక్కోవడం, సాయంత్రానికి పేజీ వెనక పాట. పరీక్ష పెట్టిన పెద్దల మీద ఒకటి కట్టింది. వాళ్ళని వరసగా కూర్చోబెట్టి, పిండి ఇచ్చి, రొట్టెలు చేయమని తిరిగి పరీక్ష పెడుతుంది అందులో. ఆ పిల్ల చిన్న వయసులో పోయిందని చెప్పిన రోజు మాత్రం పాట కట్టలేదు. మాడిన మూకుడు ఒకటి ఉంటే అది తెల్లబడేదాకా తోమింది. రెండు రోజుల తర్వాత ఆ పిల్లని చెల్లెలా అని పిలుస్తూ ఒక పాట రాసింది. మేము బయల్దేరేనాటికి థీసిస్ వెనక ముప్పైకి పైగా పాటలు ఉన్నాయి.

సెప్టెంబరు మధ్యలో మా బిల్డింగువాళ్ళకు బస్సు దొరికింది. వెళ్ళే ముందురోజు మామా తమ్ముడు వచ్చాడు. ఇండియా చేరాక కాగితాలు లండన్‌కు పంపమని చిరునామా ఇచ్చాడు. మాకు దారిలో తినడానికి ఖర్జూరాలు తెచ్చాడు. బాగా చిక్కిపోయాడు. అక్క వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరేసరికి అందరం డస్సిపోయాం. మండుటెండలో వరసలో నిలబెట్టి సంచులు విప్పించారు. ఒక ఇరాకీ సైనికుడు రొట్టెల పెట్టె తెరిచి పేజీలు తిప్పాడు. ఒకవైపు ఇంగ్లీషు అచ్చు, ఇంకోవైపు తనకు తెలియని గుండ్రటి రాత. అతని మొహం మారింది. ఏమిటిదని అరబీలో అడిగాడు. రహస్య సందేశాలనుకుంటే మా గతేమిటి?

"శిఅర్," అంది అక్క. ఆ మాటకు అరబీలో కవిత్వమని అర్థం. మామా నోట రోజూ వినే మాట అది.

"ఎవరిది?"

"నాది."

"చదువు" అన్నాడు.

అక్క ఆ వరసలో, ఆ ఎండలో నిలబడి రొట్టెల పరీక్ష పాట మొత్తం చదివింది. ముందూ వెనకా ఉన్న తెలుగువాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. ఎన్నో రోజుల తర్వాత విన్న నవ్వు. సైనికుడికి ఒక్క ముక్క అర్థమయి ఉండదు. అయినా చివరిదాకా విన్నాడు. పేజీలను బల్ల మీద తట్టి సమంగా సర్ది, "జైన్" అని తిరిగిచ్చాడు. బాగుందని. అతన్ని నేను పొగడడం లేదు. వాళ్ళు ఆ ఊరిని ఏం చేశారో నా కళ్ళతో చూశాను. కానీ 'ఎవరిది?' అన్న ప్రశ్న అక్కని మొదట అడిగింది ఒక దురాక్రమణ సైనికుడు కావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మూడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్న ఇంగ్లీషు పండితురాలు అడగలేదు.

జోర్డాన్ నుంచి విమానంలో బొంబాయి వచ్చి దిగాక దారులు వేరయ్యాయి. అక్క కడప రైలెక్కబోతుంటే పేజీలు ఏం చేయమంటావని అడిగాను.

"పంపు చెల్లా. ఆయమ్మకు గూడా తెల్సనీ. తెలుగు రాదు గాబట్టి ఎనకాల ఏముండాదో నువ్వు ఇంగ్లీషులో రాసి పెట్టు. మళ్ళ నాయి నాకు పంపమని చెప్పు."

ఆ రోజే ఆమె నన్ను మొదటిసారి చెల్లా అని పిలిచింది.

ఊరు చేరాక పాటలన్నీ చేత్తో ఎత్తి రాసుకుందామనుకున్నాను. నాలుగు రాశాను. చుట్టాల పరామర్శలు, మా ఆయనకు జ్వరం, ఈలోగా లండన్ నుంచి టెలిగ్రాం: గడువు దగ్గరపడింది, వెంటనే పంపు. మా ఊళ్ళో ఉన్న ఒక్క జిరాక్సు మిషను పాడైంది. అమలాపురం వెళ్ళి తీయించొచ్చు. వెళ్ళలేదు. మామా మీద నాకు నమ్మకం ఉంది. ఆ వంటపనిపిల్ల కోసం అంత ఏడ్చిన మనిషి కదా! వెనకవైపు ఉన్నవి ఎవరివో, ఎందుకు రాసిందో వివరంగా రాసి, మూడు పాటల అర్థం ఇంగ్లీషులో చెప్పి, థీసిస్ పని కాగానే ఆ పేజీలు తిరిగి పంపమని ప్రాధేయపడుతూ ఉత్తరం పైన పెట్టి, రిజిస్టరు పార్సెల్ చేశాను. నా చేత్తో నేనే దారం కట్టాను.

జవాబు ఏడెనిమిది నెలలకు గానీ రాలేదు. కువైట్ విముక్తి అయింది, వాళ్ళు తిరిగి ఇల్లు చేరారు. కాగితాలు కాపాడినందుకు మామా కృతజ్ఞతలు చెప్పింది. తనకు పట్టా వచ్చిందంది. అయితే వెనకవైపు గీతలు ఇటువైపుకు కనబడుతున్నందువల్ల మొత్తం మళ్ళీ టైపు చేయించాల్సి వచ్చిందనీ, పాత కాగితాలు అక్కడే పారేశామనీ రాసింది. ఆఖర్లో, ఆ పనిమనిషి ఎలా ఉంది, తిరిగి వస్తుందా, మంచి వంటమనిషి దొరకడం లేదు అని అడిగింది.

గీతలు. ఆ మాటే వాడింది.

ఆ థీసిస్ చివరి అధ్యాయంలో ఒక పేరా ఉంది. ఆ వంటపనిపిల్ల రాసినవి ఇంకా ఎన్నో ఉండాలనీ, ఏ ఇంట్లో ఎవరు వాటిని చెత్తనుకుని పొయ్యిలో వేశారో, వాళ్ళు ఎలాంటి మనుషులో అనీ మామా అందులో ఆవేదన పడుతుంది. ఆ పేరా టైపు చేసింది నేనే. ఇప్పటికీ కంఠతా వచ్చు. ఉత్తరం వచ్చిన ఆ ఒక్క రాత్రే కాదు, ఆ నెలంతా నాకు నిద్ర సరిగా లేదు. నాలుగు పేజీల జవాబు రాశాను. మీరు పారేసినవి గీతలు కావు, మీరు ఆరేళ్ళు వెతికినవే అని రాశాను. దానికి బదులు రాలేదు. తర్వాత ఆవిడ పుస్తకం అచ్చయిందని విన్నాను. కొని చదవాలనిపించలేదు.

ఆ ఉత్తరం పట్టుకుని రాయచోటి బస్సెక్కాను. అక్క ఇంటి ముందు చేట పట్టుకుని కూర్చుని ఉంది. విషయం చెప్పాను. చేట కింద పెట్టింది.

"గీతలా?"

"అవునక్కా."

"గీతలంటాదా! ఇంగ్లీషులో రాసి చెప్పినావు గదా నువ్వు? చెప్పినాక గూడా గీతలంటాదా?" అక్క మొహం ఎర్రబడింది. మామాని తిట్టింది. కువైట్‌ని తిట్టింది. తర్వాత నన్ను తిట్టింది, జిరాక్సు తీయించనందుకు. ఆ తిట్లు నేను తలవంచుకుని విన్నాను. నాకు రావలసినవే. అన్నీ అయ్యాక, "బువ్వ తిన్నావా?" అని లోపలికి పిలిచింది.

రెండు రోజులున్నాను. ఆమె గుర్తుచేసుకుంటూ చెబుతుంటే రాసుకున్నాను. నా దగ్గరున్న నాలుగింటితో కలిపి పద్నాలుగు అయ్యాయి. సంబరపడ్డాను. అక్క అవన్నీ ఒకసారి చదివించుకుని మూడింటిని పక్కన పెట్టింది.

"ఇవి వద్దు."

"ఎందుకక్కా? బాగున్నాయి కదా."

"నాయి కావు. నాదాని మాదిరి ఉండాయి, అంతే. మొదట కట్టినప్పుడు ఈడ వేరే మాట ఉండె. అది రావడం లేదు. ఉత్త మాట పెట్టి పూడిస్తే గుంత తెల్సిపోతాది."

ఎంత బతిమాలినా వినలేదు. పదకొండు మిగిలాయి.

కొన్నేళ్ళకు వాటిని ఒక పత్రికకు పంపాను, ఒక నకలు అక్కకూ పంపాను. సంపాదకుడు మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. కవయిత్రి ఐదో తరగతే చదివిందనీ, గల్ఫులో పనిమనిషనీ చెబుతూ నేనొక ముందుమాట రాస్తే పాఠకులు తప్పులు మన్నిస్తారన్నాడు. తప్పులు ఎక్కడున్నాయో చూపించమని రాశాను. చూపించలేదు. నేను ముందుమాట రాయలేదు, ఆయన పాటలు వేయలేదు. ఫోనులో అక్కకు చెప్పాను. అప్పటికి ఆమె మళ్ళీ కువైట్‌లో, మహబూలాలో ఇంకో ఇంట్లో పనిచేస్తోంది.

"సరే పోనీలే. నువ్వు పంపిన కాగితంలో నాలుగో పాట చూడు" అంది. "అందులో 'మురిసె' అని రాసినావు. అది 'మెరిసె'. దిద్దు."

నేను రాసుకున్నప్పుడే తప్పు విన్నానన్నమాట. పాత కాగితాలు తీశాను. దొరసాని గుడ్డ పాట. అద్దాన చూసుకుని అమ్మనే మెరిసె. గుడ్డ కాదు, అమ్మే మెరిసిందట. ఎగతాళి అంతా ఆ ఒక్క అక్షరంలో ఉంది. పైన ఆ పాట రాసినప్పుడు కూడా పాత అలవాటు కొద్దీ తప్పుగానే రాశాను. పాఠకులు దిద్దుకుని చదవాలి.